కట్టినోళ్ల పేర్లు ఏవి?

అమెరికా ఐదు సెంట్ల నాణెం మీద గుమ్మటం ఉన్న ఇల్లు ఒకటి కనబడుతుంది. అది వర్జీనియాలోని మాంటిసెల్లో. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ ఇల్లు. వర్జీనియా ఇంగ్లండ్ వలసగా ఉన్నప్పుడే, 1769లో పని మొదలైంది. కొంత కూల్చి, మళ్లీ పెంచి 1809 నాటికి పూర్తి చేశారు. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పుస్తకం చదివి జెఫర్సనే నమూనా గీశాడు. ఎర్ర ఇటుక గోడలు, తెల్ల స్తంభాలు, ఎనిమిది పలకల గుమ్మటం. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

ఇదంతా అందరూ చెప్పేదే. మేం అడిగేది వేరు. ఆ ఇటుకలు చేసిందెవరు?

బానిసలు. జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా మనుషులను సొత్తుగా పెట్టుకున్నాడు. మనుషులంతా సమానమని 1776లో రాసిన చెయ్యే వాళ్ల పేర్లను ఆస్తి పద్దులో రాసింది. బడి ఈడు పిల్లలు కొలిమి దగ్గర మేకులు కొట్టారు.

ఆ ఇంటి నిర్మాణంలోనే దాపరికం ఉంది. వంటిల్లు, పాలగది, గుర్రాల కొట్టం కొండవాలులో, డాబాల కిందకు దించారు. భోజనాల గదికి అరలున్న తిరుగుడు తలుపు పెట్టారు. అవతల గిన్నెలు పెట్టి తిప్పితే ఇవతలికొస్తాయి. పెట్టిన మనిషి కనబడదు.

కింద వండిన ఆమె పేరు ఎడిత్ ఫాసెట్. భర్త జో కమ్మరి. 1826లో జెఫర్సన్ అప్పులు మిగిల్చి చనిపోయాడు. వీలునామాలో జోకు విడుదల రాశాడు. 1827 జనవరిలో 130 మందిని వేలం వేశారు. అందులో ఎడిత్, ఆమె పిల్లలు ఉన్నారు. ఇదీ ఆ ఇంటి చరిత్రే!

1993 నుంచి బానిసల వారసుల జ్ఞాపకాలు సేకరిస్తున్నారు. జెఫర్సన్ పిల్లలను కన్న బానిస శాలీ హెమింగ్స్ కథను 2018 నుంచి ఆ కింది గదుల్లోనే చూపుతున్నారు. అడిగినోళ్లు ఉన్నారు కాబట్టే ఇది జరిగింది.

పాత గాయాలు కెలకడమెందుకు, అందం చూసి రావచ్చు కదా అనేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. గడీలకు వెట్టి చేసిన తాతల మనవలం మనం. వెట్టి, బానిసత్వం ఒకటి కావు. కానీ కట్టినోళ్లను మరిచి కట్టించినోడి పేరే చెక్కే బుద్ధి మాత్రం ఒకటే. మాంటిసెల్లోను కూల్చమని మేమనం. గుమ్మటం చూపినంత గౌరవంగా ఎడిత్ వంటిల్లూ చూపాలంటాం. ఏ పాత భవనం ముందు నిలబడ్డా కట్టినోళ్ల పేర్లు అడుగుదాం. అడగందే ఎవరూ చెప్పరు.