మార్జిన్ లేని రోడ్డు మీద నడక

పర్చూరులో తెల్లారగట్ల నడకకు బయల్దేరేవాళ్లలో చాలామంది సరదాకి నడిచేవాళ్లు కాదు. షుగరో బీపీయో బయటపడి, డాక్టరు గట్టిగా చెబితే మొదలుపెట్టినవాళ్లు. ఊళ్లో ఖాళీ జాగా లేక చీరాల–చిలకలూరిపేట రోడ్డు అంచు పడతారు. డిసెంబరు, జనవరి నెలల మంచులో ముదురు రంగు శాలువా కప్పుకుని, వచ్చే వాహనాలకు వీపు చూపిస్తూ నడుస్తారు. అదే వేళకు పత్తి బోరాలతో, మిరప టిక్కీలతో ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి. వాటిలో వెనక లైటు వెలిగేవి ఎన్నో చూసినవాళ్లకు తెలుసు. ట్రాక్టరును దాటబోయే లారీకి అంచున ఉన్న మనిషి ఆఖరి క్షణందాకా కనిపించడు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 32,825 మంది పాదచారులేనని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతోంది. ఆరోగ్యం కోసం నడవబోయి ప్రాణం పోగొట్టుకోవడం కన్నా ఘోరం ఉండదు.

అలాగని నడక మానమని ఎవరూ చెప్పలేరు. మానినందుకే ఇక్కడిదాకా వచ్చాం. ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉంది. చాలినంత శారీరక శ్రమ లేని పెద్దలు 2000లో నూటికి 22 మంది ఉంటే, 2022 నాటికి దాదాపు సగానికి చేరారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రకటించారు. ఆడవాళ్లలో ఇది 57 శాతం.

పొలం ఉన్న ఊళ్లో ఇదెలా జరిగింది? ఒకప్పుడు రైతు పొద్దున్నే డొంక పట్టి చేలోకి పోయి, గట్లన్నీ తిరిగి వచ్చేవాడు. ఇప్పుడు గట్టుదాకా బండి పోతుంది. దున్నడానికి ట్రాక్టరు, కలుపుకు మందు, శనగకు హార్వెస్టరు. మంచినీళ్ల క్యాను ఇంటికే వస్తుంది, పిల్లల్ని బడి బస్సు గుమ్మం ముందే ఎక్కించుకుంటుంది. 2021లో వచ్చిన రేషను బండి 2025 జూన్‌లో ఆగిపోతే డీలరు షాపుదాకా నడక తిరిగొస్తుందనుకున్నాం. అక్కడికీ మోటారు సైకిలు మీదే పోతున్నాం. నాలుగు డొంకలు ఆక్రమణల్లో సన్నబడ్డాయి, మిగిలినవి వాన పడితే నల్లరేగడిలో కాలు పెట్టనివ్వవు.

మిరపకాయలు కోసే కూలీ తల్లికి నడవమనే హితబోధ అక్కర్లేదు. ఆమె నడుం ఇప్పటికే విరుగుతోంది. ఆమెకు కావలసింది కిక్కిరిసిన ఆటోలో ప్రాణం అరచేత పట్టుకోకుండా చేనికి చేరే దారి. నడక కరువైంది ఆసాములకు, అంగళ్ల వాళ్లకు, ఉద్యోగులకు, రిటైరైన వాళ్లకు, ట్యూషన్ల మధ్య పెరుగుతున్న పిల్లలకు.

వీళ్లంతా తెల్లారగట్ల గంటసేపు రోడ్డు మీద నడిస్తేనే నడక అనుకోవడం పొరపాటు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెరెమీ మోరిస్ 1953లోనే చూపించాడు. ఆ కండక్టర్లు వ్యాయామానికని వేరే ఎక్కడికీ పోలేదు. రోజుకు 10,000 అడుగులన్న లెక్క కూడా 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది, వైద్యశాస్త్రంలోంచి కాదు. సగటున 72 ఏళ్ల అమెరికన్ మహిళల మీద 2019లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. కూరగాయలకు, బ్యాంకుకు, గుడికి, మనవడి బడికి ఊరి వీధుల్లో కాలినడకన పోతే ఆ తేడా పూడుతుంది. అన్నం తిన్నాక పది నిమిషాలు వాకిట్లో పచార్లు చేసినా రక్తంలో చక్కెర పెరుగుదలకు కళ్లెం పడుతుంది.

ఆ వీధులైనా నడవనిస్తున్నాయా అన్నది అసలు ప్రశ్న. బజారులో అంగళ్లు, పార్కింగు బండ్లు అంచులను మింగేశాయి. ఊరు దాటితే మార్జిన్ మీద మొక్కజొన్నో జొన్నో ఆరబోస్తారు. కళ్లాలు కరువైన రైతును తప్పుబట్టలేం, అయినా ఆ నాలుగడుగులూ పోయినట్టే. ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. పాదయాత్రలు చేసి ముగ్గురు నేతలు ముఖ్యమంత్రి పీఠమెక్కిన రాష్ట్రం మనది. 2003లో ఒకరు, 2012లో ఒకరు, 2017లో ఒకరు నడిచారు. వాళ్లు నడిచినప్పుడు ముందూ వెనకా పోలీసులు ట్రాఫిక్ ఆపారు. షుగరు రోగికి ఆ భాగ్యం లేదు.

పెద్ద రోడ్డు మీద తప్పక నడవాల్సినవాళ్లు కుడిపక్కన, ఎదురొచ్చే వాహనం కంటపడేలా, లేత రంగు బట్టల్లో, వెలుగొచ్చాకే నడవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. మంచు దట్టంగా ఉన్న రోజు ఇంటి డాబా మీద తిరిగినా చాలు. పంచాయతీ, రోడ్లు భవనాల శాఖ, పోలీసులు చేయాల్సినవి వేరే ఉన్నాయి: రోడ్డు అంచుల్లో ముళ్లకంప కొట్టించి మట్టి చదును చేయించడం, బజారులో నడిచే దారి ఖాళీ చేయించడం, ఊరికి దగ్గరి డొంకల ఆక్రమణలు తీయించి గ్రావెల్ పోయించడం. రేడియం స్టిక్కర్లు లేని ట్రాక్టరు ట్రక్కులను పత్తి మొదటి తీతకు ముందే ఆపి అంటించాలి. సంక్రాంతి దాటాక రోడ్డు భద్రత బ్యానరు కడితే, అప్పటికి మంచు రోజులు చాలావరకు గడిచిపోయి ఉంటాయి.