మసమునే సమాధి పక్కన ఇరవై రాళ్లు

జపాన్‌లో ఒక్క యుద్ధప్రభువు సమాధి చూసే తీరికే ఉందంటే చాలామంది నిక్కో వెళ్లమంటారు. తొకుగవ ఇయెయసు కోసం ఆయన మనవడు 1636లో తిరిగి కట్టించిన మందిరం అక్కడ నేటికీ నిలిచి ఉంది. సరిగ్గా ఆ ఏడే కన్నుమూసిన సెందాయ్ ప్రభువు దాతే మసమునేకి ఆ భాగ్యం దక్కలేదు. 1637లో కట్టిన ఆయన సమాధి మందిరం జుయిహోదెన్ 1945 జులైలో అమెరికా బాంబుదాడిలో కాలిపోయింది. ఇప్పుడున్నది 1979లో పూర్తయింది.

కొత్త కట్టడానికి అంతదూరం ఎందుకనే మాట తీసిపారేయదగ్గది కాదు. ఆ నల్లటి లక్క, బంగారు పూత, చూరు కింది రంగుల చెక్కడాలు అన్నీ నిన్న మొన్నటివే. పైగా అవి పొగిడేది ఎవరిని? 1613లో ఓడ పంపి, యూరప్‌లో పోపు దాకా రాయబారం నడిపిన మసమునే, తర్వాత తన రాజ్యంలోని క్రైస్తవుల మీదే విరుచుకుపడ్డాడు. 1624 చలికాలంలో పోర్చుగీసు పాద్రి దియోగో కార్వాల్యోనూ, మరికొందరినీ గడ్డకట్టే నీళ్లలో ఉంచి చంపారు. అది జరిగింది జుయిహోదెన్ ఉన్న కొండ చుట్టూ తిరిగి పారే హిరోసే నదిలోనే.

అయినా ఆ కొండ ఎక్కాలనే అంటాను. మందిరాన్ని తిరిగి కట్టే ముందు, 1974లో తవ్వితే మసమునే అస్థికలు బయటపడ్డాయి. అంత పేరున్న వీరుడి ఎత్తు దాదాపు 159 సెంటీమీటర్లని తేలింది. ఆ తవ్వకాల సంగతులు పక్కనున్న చిన్న ప్రదర్శనశాలలో చూడొచ్చు. మందిరం కాలకపోయి ఉంటే ఇవేవీ మనకు తెలిసేవి కావేమో.

నన్ను ఎక్కువగా కదిలించేవి మాత్రం మందిరానికి అటూ ఇటూ ఉన్న రాతి స్మారకాలు. ప్రభువు పోయాక 15 మంది అనుచరులు ప్రాణాలు తీసుకుని ఆయన వెంట వెళ్లారు. వాళ్ల కోసం వాళ్ల సేవకులు మరో ఐదుగురు చనిపోయారు. మొత్తం 20 రాళ్లు. దీన్ని స్వామిభక్తి అని మెచ్చుకునేవారున్నారు. పదిహేను మందీ ప్రభువు ఉప్పు తిన్నవారు, సరే. సేవకుల సేవకులైన ఆ ఐదుగురు ఎవరి రుణం తీర్చుకున్నట్టు? ఈ ఆచారం షోగునుల ప్రభుత్వానికే మింగుడుపడక, 1663లో నిషేధించింది.

కాబట్టి సెందాయ్ వెళితే జుయిహోదెన్ మానుకోకండి. రంగుల ముందు ఫొటో దిగి వచ్చేయకుండా ఆ రాళ్ల దగ్గర కాసేపు ఆగండి. కొండ దిగాక ఓహషి వంతెన దగ్గరున్న క్రైస్తవ అమరుల స్మారకం కూడా చూడండి. రెండూ చూస్తేనే మసమునేని చూసినట్టు.