లెక్కలు రానివాడా థామస్ కూన్?

"ఫిజిక్సు కలిసిరాక చరిత్రలో పడ్డాడండీ!" సైన్సు చరిత్రకారుడు థామస్ కూన్ గురించి మొన్న ఓ సైన్సు సభలో ఒక పెద్దమనిషి విసిరిన మాట ఇది. ముందు వరుసల్లో నవ్వులు. కూన్ 1996లోనే పోయాడు కాబట్టి బదులు చెప్పే దిక్కు లేదు. లెక్కలు రానివాడే కబుర్లలోకి దిగుతాడన్న ధీమా మన సైన్సు శాఖల్లో ఎప్పుడో పాతుకుపోయింది.

కలిసిరాకపోవడమా? హార్వర్డులో కూన్ పీహెచ్‌డీ గైడు జాన్ వాన్ వ్లెక్, 1977లో నోబెల్ అందుకున్నవాడు. లోహాల బంధన శక్తిని లెక్కగట్టే సులువైన పద్ధతి మీద ఇద్దరూ కలిసి 1950లో ఫిజికల్ రివ్యూలో పేపరు వేశారు. యుద్ధకాలంలో కూన్ శత్రు రాడార్లను ఏమార్చే పనిలోనూ ఉన్నాడు.

మలుపు వచ్చింది పాఠం దగ్గర. సైన్సేతర విద్యార్థులకు కోర్సు చెప్పడంలో సాయం పట్టమన్నాడు హార్వర్డు అధ్యక్షుడు జేమ్స్ కోనంట్. అందుకోసం 1947లో అరిస్టాటిల్ భౌతికశాస్త్రం తెరిస్తే అంతా తప్పుల తడకలా కనిపించింది. అంతటి బుద్ధిశాలి చలనం గురించి ఇంత తెలివితక్కువగా రాస్తాడా? తర్వాత తట్టింది, అరిస్టాటిల్ లెక్కలో విత్తు చెట్టవడం, రోగి కోలుకోవడం కూడా చలనమేనని. న్యూటన్ కళ్ళద్దాలతో చదవడమే చిక్కు.

అసలు ఆ పెద్దమనిషి ప్లాంక్ మీద కూన్ 1978లో అచ్చువేసిన పుస్తకం తిరగేశాడా? 1900 డిసెంబరు 14న క్వాంటం పుట్టిందని పాఠ్యపుస్తకాలన్నీ కూడబలుక్కుని చెబుతాయి. కూన్ ప్లాంక్ పేపర్లను బోల్ట్‌జ్‌మన్ సంభావ్యత లెక్కల పక్కన పెట్టుకుని సమీకరణాలు కూలంకషంగా పరిశీలించాడు. ప్లాంక్ శక్తిని ముక్కలు చేసింది లెక్కింపు కోసమేననీ, రెజొనేటరు శక్తి నిజంగానే తునకలుగా ఉంటుందని అప్పట్లో అనలేదనీ వాదించాడు. ఆ తెగువ 1905, 1906ల్లో ఐన్‌స్టీన్, ఎరెన్‌ఫెస్ట్‌లది అన్నాడు. మరో సైన్సు చరిత్రకారుడు మార్టిన్ క్లైన్ ఒప్పుకోలేదు. పోనీ! స్టాటిస్టికల్ మెకానిక్సు రానివాడు ఆ తగువులో వేలైనా పెట్టగలడా?

ఇంకో సంగతి. 1962 నవంబరు 17న కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్‌ను పాత రోజుల గురించి ప్రశ్నలడిగినవాళ్ళలో కూన్ ఉన్నాడు. మర్నాడే బోర్ కన్నుమూశాడు. ఏం అడగాలో తెలియని విలేకరిని పంపి ఉంటే ఆ ఆఖరి పూట ఏమయ్యేదో!

హార్వర్డు ఉద్యోగం ఖాయం చెయ్యలేదుగా అంటారు. చెయ్యలేదు. 1956లో బర్కిలీ తీసుకుంది, 1962లో వచ్చిన 'ది స్ట్రక్చర్ ఆఫ్ సైంటిఫిక్ రివల్యూషన్స్' పది లక్షల ప్రతులు దాటింది.

మన ఎమ్మెస్సీ ఫిజిక్సు పిల్లల చేత ఏడాదికొక్క మూలపత్రమైనా, ప్లాంక్‌దో రామన్‌దో, చదివిస్తే లెక్కలు రానివాడే చరిత్రలో పడతాడన్న ధీమా కొంత తగ్గుతుంది. ఎవరు చెప్పాలి, మార్కులెలా వెయ్యాలి అన్నది బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్ళు కూర్చుని తేల్చుకోవాలి. గైడ్లు అచ్చేసేవాళ్ళు దానికీ పది ప్రశ్నలు, పది జవాబులు తయారు చేసేలోపు తేల్చుకుంటే మరీ మంచిది.