లౌడా పిరికివాడా?

మన హాస్టల్లో క్రికెట్ మాట్లాడేవాళ్లకు కొదవలేదు. కారు పందేల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అందుకే 1976 నాటి ఫార్ములా వన్ గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

ఆ ఏడాది ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో ఆస్ట్రియా డ్రైవర్ నికీ లౌడా నడుపుతున్న ఫెరారీ కారు గట్టును ఢీకొని అంటుకుంది. తోటి డ్రైవర్లే అతన్ని బయటికి లాగారు. ముఖం, తల కాలాయి. పొగకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆసుపత్రిలో మతగురువు వచ్చి చివరి ప్రార్థన కూడా చేశారు. అలాంటి మనిషి ఆరు వారాలకే ఇటలీలోని మోంజాలో పుండ్లు మానకుండానే కారెక్కి నాలుగో స్థానంలో వచ్చాడు! లోకమంతా చప్పట్లు కొట్టింది.

ఆఖరి పందెం అక్టోబర్ 24న జపాన్‌లోని ఫ్యూజీలో. లౌడాకు 68 పాయింట్లు, ఇంగ్లండ్ డ్రైవర్ జేమ్స్ హంట్‌కు 65. ఒకటే వాన. ముందు కారు చిమ్మే నీళ్లలో దారే కనబడదు. కాలిన కనురెప్పలు సరిగా మూతపడని లౌడా రెండు చుట్లు తిరిగి కారు ఆపేశాడు. ఇంజన్ చెడిందని చెప్పేద్దామని ఫెరారీ ఇంజనీరు ఫోర్గియేరి అన్నా ఒప్పుకోలేదు. ప్రమాదమనిపించింది, ఆపేశానని ఉన్నదున్నట్టు చెప్పాడు.

తర్వాత వాన తగ్గింది. హంట్ టైరు పాడై వెనకబడ్డాడు, మళ్లీ పుంజుకుని మూడోవాడిగా వచ్చాడు. 4 పాయింట్లు కలిసి 69. ఒక్క పాయింటుతో చాంపియన్! కారు దిగేటప్పటికి ఓడిపోయాననుకుని కోపంతో ఉన్నాడట. (ఆ రోజు పందెం గెలిచింది మారియో ఆండ్రెట్టి. పాపం, ఆయన్ను తలుచుకునేవాళ్లు తక్కువ.)

హంట్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ లౌడాను పిరికివాడన్నవాళ్లతో నేను ఏకీభవించను. ఫిట్టిపాల్డీ, పేస్ కూడా ఆ వానలో ఆపేసినవాళ్లే. వాళ్లను ఎవరన్నారు? మోంజాలో ధైర్యానికి చప్పట్లున్నాయి. ఫ్యూజీలో తిట్లు తప్పవని తెలిసీ, చేతికందిన సాకును వద్దన్నాడు. నా దృష్టిలో రెండోదే కష్టం.

మనమేం చేస్తున్నాం? బావిలో దూకనన్నవాణ్ణి నెలంతా ఏడిపిస్తాం. ఈత రాదని చెప్పడానికి సిగ్గుపడి నీళ్లలోకి దిగే తమ్ముళ్లు మన గదుల్లోనే ఉన్నారు. సీనియర్లు ఆలోచించాలి.

లౌడా 1977లో మళ్లీ చాంపియన్ అయ్యాడు. 1984లో మూడోసారి, అదీ అర పాయింటు తేడాతో. 2019లో, 70 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.