అద్దం బిగిస్తే పని అయినట్టేనా?
విజయవాడ హైవే మీద టిప్పర్ నుంచి ఎగిరొచ్చిన కంకరరాయి కొత్త హైబ్రిడ్ కారు ముందద్దాన్ని పగలగొడితే, గాజుతో పాటు కారు కన్నుకూ ముప్పే. 2022లో మన దేశంలోకి వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్‌నే చూడండి. లోపలి మిర్రర్ దగ్గర, అద్దం వెనకాల ఓ కెమెరా ఉంటుంది. లేన్ తప్పితే స్టీరింగ్ సర్దేది, గుద్దబోతుంటే బ్రేక్ వేసేది దాన్ని నమ్ముకునే. అద్దం మార్చాక దాని చూపు రవ్వంత పక్కకు తిరిగినా దూరాన ఉన్న లారీ ఏ లేన్‌లో ఉందో లెక్క తప్పొచ్చు. అందుకే ఆ చూపును మళ్లీ సరిచేసే కాలిబ్రేషన్: చదునైన నేల, కొలిచి నిలబెట్టిన గుర్తుల బోర్డు, స్కానర్. రోడ్డు పక్క షెడ్డులో గమ్ము పెట్టి "సాయంత్రం తీసుకెళ్లండి సార్" అంటే ఇవేవీ ఉండవు. అద్దం మాత్రం తళతళలాడుతుంది. బీమాలో గాజుకు తరుగుదల కోయరు కాబట్టి ధైర్యంగా క్లెయిమ్ చేస్తాం (నో క్లెయిమ్ బోనస్ సంగతి రెన్యూవల్ నాడు గుర్తొస్తుంది, అది వేరే ఏడుపు). ఇలాంటి కార్ల బిల్లులో కాలిబ్రేషన్‌కు విడిగా ఒక లైను, దానికి స్కానర్ రిపోర్టు తప్పనిసరి చేయాలి. అవి లేని బిల్లుకు బీమా కంపెనీలు డబ్బు ఆపితే వర్క్‌షాపులు వాటంతటవే దారికొస్తాయి.