వస్తువు, దాని ధర్మము

వెబ్ ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుచున్న యువకుని ‘ఆబ్జెక్టు’ అనగా నేమని అడిగి చూడుడు. ‘క్లాసునుండి పుట్టినది’ అని తడుముకొనకుండ చెప్పును. మరి క్లాసు అనగా నేమని అడిగినచో ‘ఆబ్జెక్టులకు అచ్చు’ అనును. ఈ రెండు వాక్యములును ఒకదాని భుజముపై నొకటి చేయి వేసికొని నిలిచియుండును గాని, రెండింటిలో నేదియు నేలమీద కాలు మోపదు.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఆత్మకూరు ఉదయగిరి ప్రాంతములలో, ఇట్టి యువకులు నేడు తక్కువగా లేరు. వానను నమ్మి సేద్యము చేసిన యిండ్లలో పుట్టి, డిగ్రీయో ఇంజనీరింగో ముగించి, బెంగుళూరికో హైదరాబాదుకో పోయి ఈ పనితో బ్రతుకుచున్నారు. 2019లో రాష్ట్ర ఐ.టి. శాఖను చేపట్టి 2022 ఫిబ్రవరిలో మరణించువరకు నిర్వహించిన మేకపాటి గౌతంరెడ్డి ఆత్మకూరు శాసనసభ్యుడే. కనుక ఈ చర్చ ఇచ్చటివారికి పరాయిది కాదు. వారి చదువులో నున్న లోపము ఉదాహరణలకు సంబంధించినది. పాఠ్యపుస్తకములలో కుక్క జంతువునుండి పుట్టును; వృత్తము ఆకృతినుండి పుట్టును; కుక్క మొరుగును, పిల్లి అరచును. దీనిని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడు ఉద్యోగమున చేరిన మొదటి వారములో కుక్కను గాని వృత్తమును గాని ఎచ్చటను కానక తెల్లబోవును. అచ్చట నుండునవి బిల్లులు, దరఖాస్తులు, రసీదులు, బాకీలు.

ఆత్మకూరున నున్న ఒక యువకుడు ఉదయగిరి కొయ్య చెంచాలను ఇంటర్నెట్టు ద్వారా అమ్ముటకు ఒక ప్రోగ్రాము వ్రాసి నన్ను చూడుమని కోరెను. ఈ చెంచాలు భౌగోళిక గుర్తింపు పొందినవి. కొండ అడవి కొయ్యను తెచ్చి చేతితో చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, గరిటెలు, చెంచాలు, ఫోర్కులు తీర్చుదురు. యువకుని ప్రోగ్రాములో ఒక పుట చెంచాలను చూపును. రెండవది కోరినవానిని బుట్టలో వేయును. మూడవది సొమ్ము పుచ్చుకొనును. నాల్గవది నిల్వ లెక్కను మార్చును. చూపుము, చేర్చుము, పుచ్చుకొనుము, మార్చుము అని అంతయు క్రియలే. క్రియకొక పుట.

అతనిని తప్పు పట్టుటకు వీలులేదు. వెబ్ స్వభావమే అతని నా త్రోవ పట్టించినది. మనము ఒక పుటను కోరుదుము; దూరమున నున్న సర్వరు దానిని పంపి, కోరినవానిని అంతటితో మరచిపోవును. మరల కోరినచో మరల క్రొత్తవారమే. రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత పుటల కొరకు అల్లుకొని 1995లో లోకమునకు విడిచిన పి.హెచ్.పి. భాషయు ఇట్లు పుటలను వండుటకే పుట్టినది. ఆబ్జెక్టులకు తగిన సంపూర్ణమైన ఏర్పాటు దానికి 2004లో గాని రాలేదు. పుటయే లోకమైనచోట పుటలవారీగా ఆలోచించుట సహజము.

అయితే చిక్కు ఎక్కడ వచ్చినది? నిల్వలో నలుబది చెంచాలున్నచో అంతకు మించి కోరరాదను నియమము బుట్ట పుటలో నున్నది. సొమ్ము పుచ్చుకొను పుటలో లేదు. ఇద్దరు ఒకేసారి బుట్టలు నింపుకొని కూర్చుండినచో ఆ నలుబదింటిని ఇద్దరికిని అమ్మును. నేను చూపగా అతడు మూడవ పుటలో కూడ ఆ నియమమును వ్రాసెను. రేపు ఫోనులో నడచు అంగడిని వ్రాసినచో అందులోను వ్రాయవలెను. నియమము ఒకటి, దానికి కాపలాదారులు నలుగురు. ఒకడు నిద్రించిన చాలును.

ఇంతవరకు ఏ పుస్తకమైనను చెప్పును. తరువాతి సంగతి ఉదయగిరికి పోయినపుడు తెలిసినది. చెంచాలు చెక్కు ఒక పెద్దామెను నిల్వ ఎంత యున్నదని యువకుడు అడిగెను. ఆమె ఆకురాయిని ప్రక్కన పెట్టి, “నలభై ఉన్నాయా, యాభై ఉన్నాయా అంటే నేనేం చెప్పేది అబ్బయా? ఉంటే ఉంటాయి, లేకుంటే చేస్తాం. ఎన్నాళ్లకు కావాలో అడుగు. కొయ్యకు ముందు డబ్బులిస్తారా అడుగు. ఒప్పుకున్నాక మాట పోకూడదు” అనినది.

ఆ నాలుగు మాటలలో ప్రోగ్రాము తలక్రిందులైనది. యువకుడు చెంచాను వస్తువనుకొనెను. అది కంటికి కనబడును, చేతికి తగులును గనుక. కర్మాగారపు సరుకైనచో నిల్వ ఒక అంకె. అమ్మినపుడెల్ల తీసివేసిన సరిపోవును. ఇచ్చట అమ్ముడగునది రాబోవు దినముల శ్రమ. ఆమె లెక్కలో అసలు వస్తువు ‘ఒప్పుకోలు’. దానికి సంఖ్య కలదు, గడువు కలదు, ముందుగా ఇచ్చిన సొమ్ము కలదు. ‘ఎన్నటికి అందును?’ అని అడిగినచో అది చెప్పగలదు. ‘ఇంకొక యాబది చేర్చుకొందువా?’ అన్నచో చేతనున్న పనిని చూచుకొని ఔననియో కాదనియో పలుకగలదు. పుటలు ఇక ఏ నియమమును కాపాడనక్కరలేదు. ఒప్పుకోలును అడిగి, అది చెప్పినది చూపిన చాలును. వస్తువులుగా ఆలోచించుట యనగా కంటబడిన నామవాచకముల నన్నింటిని ఏరి క్లాసులు కట్టుట యని చాలమంది తలతురు. నా మట్టుకు నాకు, ఎవరు దేనికి జవాబుదారి యని వెదకుటయే దాని సారమనిపించును. ఆ జవాబుదారి పలుమార్లు చేతికి తగులునది కాదు.

ఈ ఆలోచన పుట్టినచోట కూడ కుక్కలు లేవు. నార్వే రాజధాని ఆస్లోలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అను ఇరువురు, వరుసలు, నిరీక్షణలు, పనుల రద్దీ గల వ్యవస్థలను యంత్రములో నడిపి చూచుటకై సిమ్యులా అను భాషను కల్పించిరి. దాని 1967 నాటి రూపములో క్లాసు, ఆబ్జెక్టు, ఒకదానినుండి మరియొకటి పుట్టుట అనునవి తొలుత కానవచ్చినవి. 1970లలో కాలిఫోర్నియాలోని జిరాక్సు పరిశోధనాలయమున అలన్ కే బృందము స్మాల్‌టాక్ భాషలో దీనిని చివరివరకు తీసికొనిపోయెను. ‘ఆబ్జెక్టు’ అను మాటను వాడుకలోనికి తెచ్చినందుకు చింతించుచున్నానని కే 1998లో వ్రాసెను. ఆ పేరు విని జనులు చిన్న సంగతిని పట్టుకొనిరనియు, పెద్ద సంగతి వస్తువులు ఒకదాని కొకటి పంపుకొను సందేశములే యనియు ఆయన తాత్పర్యము. ఉదయగిరి పెద్దామె ‘అడుగు, అడుగు’ అని రెండుమార్లు చెప్పినది ఇదియే గదా!

సాహిత్య పుటలలో ఈ గొడవ యేమని విసుగుకొను పాఠకులకు తర్కసంగ్రహమును జ్ఞాపకము చేసెదను. ఆంధ్రుడైన అన్నంభట్టు వ్రాసిన ఆ చిన్న గ్రంథము ద్రవ్యము, గుణము, కర్మము, సామాన్యము, విశేషము, సమవాయము, అభావము అని పదార్థములను ఏడుగా విభజించును. ఘటము వేరు, ఘటత్వము వేరు. ఒకటి వ్యక్తి, రెండవది జాతి. క్లాసును ఘటత్వముతోను, ఆబ్జెక్టును ఘటముతోను పోల్చి చెప్పినచో సంస్కృతము చదివిన తాతగారికి మనుమని ఉద్యోగము ఒక్క నిమిషములో బోధపడును. అంతమాత్రమున కంప్యూటరు శాస్త్రము మన పూర్వులకు తెలియునని చాటుకొనువారి పక్షమున నేను లేను. తార్కికుల కర్మము ఎత్తుట, దించుట, ముడుచుట, చాచుట, పోవుట అను చలనము మాత్రమే. వారి ఘటము ఎవరికిని జవాబు చెప్పదు. పోలిక సరిగా కావలసినచోటనే తెగిపోవుచున్నది.

కాని మన శాస్త్రభాషలో ఒక మాట ఆ తెగినచోటును అతుకగలదు. ‘ధర్మము’ అనగా వస్తువునందుండు లక్షణము. ధర్మము అనగా చేయవలసిన విధి. అగ్నికి వేడిమి ధర్మము. కావలివానికి మేల్కొనియుండుట ధర్మము. ఇంగ్లీషు పుస్తకములు వస్తువునందలి సమాచారమునకు ఒక పేరును, అది చేయు పనికి వేరొక పేరును పెట్టి, పిమ్మట రెండును కలిసియుండవలెనని పుటలకొలది బోధించును. మనకు ఆ రెండును ఒక్క మాటలో నున్నవి. ఈ విద్యను తెలుగులో బోధించువారు ‘ఆబ్జెక్టు యొక్క ప్రాపర్టీలు, మెథడ్లు’ అని వల్లె వేయించుటకు ముందు ‘ఈ వస్తువు ధర్మమేమి?’ అని ఒకమారు అడిగింపవలెనని నా కోరిక.

చెంచాల అంగడిలో పొరపాటు జరిగినచో సొమ్ము తిరిగి యిచ్చివేయవచ్చును. భూమి విషయమున అట్లు కాదు. ఆ యువకుడు రెండవ అభ్యాసముగా అడంగలు చూపు ప్రోగ్రామును ఎత్తుకొనెను. సర్వే నంబరు, విస్తీర్ణము, యజమాని అని మూడు గళ్లు. అతని తాతగారి పొలము చుక్కల భూమి. నెల్లూరు జిల్లావారికి ఈ మాటను వివరింపనక్కరలేదు, ఇతరులకు చెప్పవలెను. ఆంగ్లేయుల కాలమున భూములను మరల కొలిచి రిజిస్టర్లు వ్రాసినపుడు, హక్కుదారు తేలని చోట పేరుండవలసిన గడిలో ఉద్యోగులు చుక్కలు పెట్టి విడిచిరి. వ్రాసినవాడు కలము కడిగి లేచిపోయెను. ఆ చుక్కలను తరువాతివారు ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చదివిరి. ఎవరిదో తెలియదని ఒకరు, తగాదాలో నున్నదని ఒకరు, ఎవ్వరును వచ్చి అడుగలేదని ఒకరు, కనుక సర్కారుదేనని మరియొకరు. తరతరములుగా దున్నుకొనువాడు అమ్మబోయినచో రిజిస్ట్రేషను కాకపోయెను. దీనికొరకు 2017లో రాష్ట్రము ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసివచ్చెను. 2023 మే నెలలో కావలిలో జరిగిన సభలో సుమారు 97 వేల మంది రైతులకు చెందిన 2 లక్షల 6 వేల ఎకరముల చుక్కల భూములపై హక్కులు కల్పించుచున్నట్లు ప్రభుత్వము ప్రకటించెను.

ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ చుక్కలు చిరపరిచితములు. వారు వానిని ‘నల్’ అందురు. టోనీ హోర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1965లో ఒక భాషకు రూపకల్పన చేయుచు, సులభముగా నున్నది గదా యని దానిని చేర్చెను. అది తాను చేసిన వందకోట్ల డాలర్ల పొరపాటని 2009లో తానే చెప్పుకొనెను. గడిలో ఏమియు లేదనుట కష్టము కాదు. ఎందుకు లేదో చెప్పకపోవుటయే ముప్పు.

యువకుడు మొదట డేటాబేసులో యజమాని గడిని ఖాళీగా విడిచెను. పొలము ఒక వస్తువు, మనిషి ఒక వస్తువు, మధ్య నున్నది ఒక గడి యని అతని భావన. వెనుక ఒప్పుకోలును కనుగొన్నట్లే ఇచ్చటను వెదకుమంటిని. పొలమునకును మనిషికిని నడుమ నున్న ‘హక్కు’ తానే ఒక వస్తువు. తేలిన హక్కు, వివాదములో నున్న హక్కు, ఎవ్వరును కోరని హక్కు అను మూడింటిని ‘నీవెవరివి?’ అని ఒకే ప్రశ్న అడుగవచ్చును. మొదటిది పేరు చెప్పును. రెండవది వ్యాజ్యము ఎచ్చట నున్నదో చెప్పును. మూడవది దరఖాస్తు పెట్టదగినవారెవరో చెప్పును. పరీక్షలలో ‘పాలిమార్ఫిజం’ అని నోరు తిరుగని పేరుతో పిలుచునది ఇంతే. నూరేండ్ల క్రిందటి ఆ ఉద్యోగికి చుక్కలకు బదులు ఈ మూడు మాటలైన ఉన్నచో, పొలము ఎవరిదో తేలకపోయినను, తేల్చవలసినది ఎవరో తేలియుండెడిది.

దాపరికమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. వస్తువు తన లోపలి సమాచారమును తనలోనే దాచుకొని, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పవలెనను సూత్రము వినగానే నాకు పూర్వపు కరణము జ్ఞాపకము వచ్చును. లెక్కలన్నియు ఆయన దప్తరములో. అడిగినవానికి ఆయన చెప్పినదే జవాబు. కరణీకము 1984లో రద్దయినది గాని ఆ పద్ధతి తలపు పోలేదు. కరణము చెప్పిన జవాబును సరిచూచుటకు రైతుకు ఉపాయము లేకుండెను. ప్రోగ్రాములోని వస్తువును అట్లు విడువరాదు. దానిని పదివిధముల ప్రశ్నించి, తప్పు చెప్పినచో పట్టుకొను పరీక్షలను ప్రక్కనే వ్రాసి యుంచవలెను. ఈ భాగమును మన తరగతులలో దాదాపు చెప్పుటయే లేదు.

ఇంత చెప్పి, అన్నింటిని వస్తువులు చేయుమని నేననుట లేదు. పెండ్లి పిలుపు చూపు ఒక్క పుట కొరకు ఇరువది క్లాసులు కట్టువారిని చూచితిని. ముగ్గురున్న ఇంటికి దివాను, దండనాథుడు, ద్వారపాలకుడు అని కొలువు తీర్చినట్లుండును. నియమము లేనిచోట దానికి కాపరి అక్కరలేదు. క్రియలే ప్రధానముగా వ్రాయు పద్ధతిని సమర్థించు పండితులును కలరు. లెక్కలు కట్టు పనులకు వారి త్రోవయే మేలని నాకును తోచును.

యువకుడు ఆ రాత్రి యజమాని గడిని తీసివేసి హక్కును వ్రాయుట మొదలుపెట్టెను. మూడింటికి మూడు జవాబులు వ్రాసి, నాల్గవచోట ఆగిపోయెను. వివాదములో నున్న హక్కును తేలిన హక్కుగా మార్చు అధికారము ఎవరిది? ఆ ఉత్తరువు ఏ కాగితముపై వచ్చును? ఇది పుస్తకములలో దొరకునది కాదు. “మా తాత కూడా ఇదే అడుగుతుండేవాడు సార్” అని కంప్యూటరు మూసెను. మరునాడు ఆ రెండు ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసికొని, ఆత్మకూరు తహసీల్దారు కచేరీ తలుపు తీయకముందే పోయి వరుసలో నిలిచెను.