ఇంటింటి ఆరోగ్యం: తోడుగా నడిచేదెవరు?



ఇటీవల తూప్రాన్ దగ్గరి ఒక పల్లెలో ఒక సహోదరిని దర్శించాము. ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాము. భర్త పోయిన తరువాత తనకు హెచ్.ఐ.వి. ఉన్నదని ఆమెకు తెలిసింది. మందులు తప్పక వేసుకుంటున్నది గాని, గడప దాటడం మానుకున్నది. "రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది. నాతోని ఎవరు నడుస్తరు అమ్మగారూ?" అని అడిగింది. మేము తల వంచుకున్నాము.

మన ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుండి ఈ మందులు ఉచితంగా ఇస్తున్నది. వాటిని మానకుండా వాడి, పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉంటే, భార్యాభర్తల కలయిక వల్ల కూడా ఇతరులకు సోకదు. ప్రార్థించాము గదా అని మాత్రలు మానరాదు. ప్రార్థన, మందు రెండూ కావాలి.

అయితే మందు వైరస్‌ను అణచినా, కండబలం, గుండె దిటవు, మనసు నెమ్మది కోసం వ్యాయామం కూడా అవసరం. కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయం వారు వై.ఎం.సి.ఏ. వ్యాయామశాలలో హెచ్.ఐ.వి. ఉన్నవారిచేత వారానికి 3 సార్లు వ్యాయామం చేయించారు. శిక్షకుడు వారి వెంట ఉండి నేర్పాడు.

మనకు వ్యాయామశాల లేకున్నా చెరువుకట్ట ఉన్నది. డాక్టరును అడిగి, మొదట రోజుకు 10 నిమిషాలు నడవండి. మెల్లమెల్లగా వారానికి 5 రోజులు, రోజుకు 30 నిమిషాల వరకు పెంచండి. వారానికి రెండు రోజులు కుర్చీలో కూర్చొని లేవడం, గోడకు చేతులానించి నెట్టడం చేయండి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజు విశ్రాంతి తీసుకోండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మన తూప్రాన్ మీదుగా నిజామాబాదు వైపు పోయే దారిలోనే డిచ్‌పల్లి ఉన్నది. అక్కడ 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసానిగారు, ఆమె భర్త కుష్ఠురోగుల కొరకు సేవ ప్రారంభించారు. ఊరు వెలివేసినవారిని వారు చేర్చుకున్నారు. ఆ సేవను చెప్పుకొని సంతోషించే మనం, నేడు మన పక్క బల్ల మీద కూర్చున్నవారిని చూసి జరిగి కూర్చోవచ్చునా?

ప్రతి సంఘంలో స్త్రీల కూటమివారు ఉదయపు నడక పెట్టుకోవచ్చు. షుగరు, బి.పి. ఉన్నవారు, లేనివారు, అందరూ రావచ్చు. ఎవరినీ రోగమేమిటని అడగవద్దు. ఒకరి హెచ్.ఐ.వి. సంగతి వారి అనుమతి లేక బయటపెట్టడం 2017 నాటి చట్టానికి విరుద్ధం. ప్రేమకు అంతకన్నా విరుద్ధం. సలహా కొరకు 1097కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

పక్షవాతరోగి తనంతట తానే యేసు యొద్దకు రాలేదు. నలుగురు మోసుకొని వచ్చారు. ఇక్కడ మోయనవసరం లేదు, పక్కన నడిస్తే చాలు.

మరునాటి ఉదయం మేమిద్దరం ఆ సహోదరి వాకిట నిలబడి పిలిచాము. ఆమె చెప్పులు తొడుక్కొని బయటకు వచ్చింది.